స్ట్రింగ్స్ నడిపితే తెలుగు ఎందుకు కనిపించలేదు? మీ పాత ఫైలుకు ఏం చేయాలి?

మీరు రాసినదాని సారాంశం ఇదీ: పాత సీడీలో మీ నాన్నగారి కథల ఫైలు దొరికింది. పేరు చివర ఎక్స్‌టెన్షన్ లేదు, ఏ ప్రోగ్రామ్‌లోనూ తెరుచుకోవడం లేదు. ఎవరో చెబితే ఉబుంటు లైనక్స్‌లో, ఫైలులోంచి చదవదగ్గ ముక్కల్ని ఏరి చూపించే స్ట్రింగ్స్ కమాండ్ నడిపారు. వేల లైన్ల చెత్త వచ్చింది, ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇక ఫైలు పోయినట్టేనా, ఇలా తెలియని ఫైళ్ల మీద ఈ కమాండ్ నడపడం ప్రమాదమా అని అడిగారు.

పోయినట్టు కాదు. ఫైలు పాడైందనడానికి మీరు చెప్పినదాంట్లో ఇంతవరకు ఆధారమే లేదు. మామూలుగా నడిపితే స్ట్రింగ్స్‌కి తెలుగు కనిపించదు. ఫైలు చక్కగా ఉన్నా కనిపించదు. కాబట్టి ముందు టెన్షన్ తగ్గించుకుని, సీడీలోని ఫైలును హార్డ్ డిస్కులోకి ఒక కాపీ తీసుకోండి. ఇక మీదట చేసేదంతా ఆ కాపీ మీదే చేయండి. దాని పేరు పాతఫైల్ అనుకుందాం. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం వాటినే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. క్యాపిటల్ అక్షరం కావాల్సిన చోట ప్రత్యేకంగా చెబుతాను.

స్ట్రింగ్స్ చేసే పని చాలా చిన్నది. ఫైలును మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 32 నుంచి 126 వరకు ఉన్న బైట్లు, వాటితోపాటు ట్యాబ్, వరసగా 4 లేదా అంతకంటే ఎక్కువ దొరికితే ఆ ముక్కను ఒక లైనుగా చూపిస్తుంది. అంతే. దానికి భాష తెలియదు, ఫైలు లోపలి నిర్మాణం గురించి పట్టింపు లేదు, అది చూపించే లైనుకు అర్థం ఉందో లేదో తెలియదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మీకు వచ్చిన చెత్తా, రాని తెలుగూ రెండూ అర్థమవుతాయి.

ముందు చెత్త సంగతి. పూర్తిగా యాదృచ్ఛికంగా ఉన్న బైట్లను తీసుకోండి. 256 రకాల బైట్లలో 96 రకాలను స్ట్రింగ్స్ ఒప్పుకుంటుంది. లెక్క వేస్తే, ఒక మెగాబైటు యాదృచ్ఛిక డేటాలో ఏ అర్థమూ లేకుండానే దాదాపు 13 వేల లైన్లు పుడతాయి. కనీస పొడవును 4 నుంచి 8కి పెంచితే ఆ సంఖ్య 256 దగ్గరకు దిగుతుంది. 10కి పెంచితే 36, 12కి పెంచితే సుమారు 5. అందుకే నేను ఏ ఫైలుకైనా కనీసం 8తోనే మొదలుపెడతాను:

స్ట్రింగ్స్ -ఎన్ 8 పాతఫైల్ | లెస్

చివర పైపు పెట్టి లెస్‌కి పంపితే తెర మీద అంతా ఒక్కసారి దొర్లిపోకుండా పేజీ పేజీగా చూడొచ్చు. అయితే పొడవు పెంచే కొద్దీ చిన్న మాటలు జారిపోతాయి. ఒక ప్రోగ్రాములో ఐదు అక్షరాల పాస్‌వర్డ్ ఉందేమోనని వెతికేవాళ్లకు 8 పనికిరాదు. మీరు వెతుకుతున్నవి కథలు, వాక్యాలు పొడుగ్గానే ఉంటాయి కాబట్టి మీకు ఆ బాధ లేదు.

ఇప్పుడు అసలు విషయం, తెలుగు. పాత కంప్యూటర్ ఫైళ్లలో తెలుగు ప్రధానంగా మూడు రకాలుగా దాచి ఉంటుంది: అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌ను రాసే రెండు పద్ధతులు, యూటీఎఫ్-16, యూటీఎఫ్-8; మూడోది పాత డీటీపీ ఫాంట్ల పద్ధతి. మీ ఫైలు ఏ రకమో తేలేదాకా ఏ కమాండ్ కొట్టినా చీకట్లో తడుముకోవడమే అవుతుంది. తేల్చడానికి మొదట ఇవి రెండూ నడపండి:

ఫైల్ పాతఫైల్
ఎక్స్‌ఎక్స్‌డీ -ఎల్ 64 పాతఫైల్

మొదటిది ఫైలు మొదట్లో ఉండే గుర్తుల్ని చూసి అది ఏ జాతిదో చెబుతుంది. రెండోది మొదటి 64 బైట్లను హెక్స్ అంకెల్లో చూపిస్తుంది. అక్కడ డీ0 సీఎఫ్ 11 ఈ0 అని మొదలైతే అది మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత కాంపౌండ్ ఫైలు. 97 నుంచి 2003 దాకా వచ్చిన వర్డ్ డాక్ ఫైళ్లన్నీ ఇలాగే మొదలవుతాయి. డీటీపీలో వాడే పేజ్‌మేకర్ 6.5, 7 ఫైళ్లు కూడా ఇదే పెట్టెలో ఉంటాయి, కాబట్టి ఆ నాలుగు బైట్లను చూసి వర్డ్ అని నిర్ణయానికి రాకండి. ఫైలు మొదట 50 4బీ కనిపిస్తే అది జిప్. 2007 తర్వాతి డాక్స్ ఫైలు అసలు స్వరూపం జిప్పే. దాని గురించి కింద చెబుతాను.

కాంపౌండ్ ఫైలే అని తేలితే తర్వాతి కమాండ్ ఇది:

స్ట్రింగ్స్ -ఈ ఎల్ -ఎన్ 6 పాతఫైల్ | లెస్

ఇక్కడ ఈ, ఎల్ రెండూ చిన్న అక్షరాలే. ఒక్కో అక్షరానికి రెండేసి బైట్లు వాడే పద్ధతిలో, అంటే యూటీఎఫ్-16 లిటిల్ ఎండియన్‌లో రాసిన మాటల్ని వెతకమని దీని అర్థం. విండోస్ ప్రపంచంలో చాలా మాటలు ఇలాగే ఉంటాయి. మామూలు స్ట్రింగ్స్ వాటిని చూడలేదు, ఎందుకంటే ప్రతి ఇంగ్లీషు అక్షరం పక్కన ఒక సున్నా బైటు అడ్డుపడుతుంది. కాంపౌండ్ ఫైలులో లోపలి అరల పేర్లు కూడా ఈ పద్ధతిలోనే రాసి ఉంటాయి. వర్డ్‌డాక్యుమెంట్ అన్న పేరు ఒకే మాటగా కనిపిస్తే అది వర్డ్ ఫైలు. పేజ్‌మేకర్ అన్న పేరు కనిపిస్తే అది పేజ్‌మేకర్ ఫైలు. ఎక్స్‌టెన్షన్ పోయినా ఫైలు తన పేరు తానే చెప్పుకునే చోటు ఇది.

ఈ అవుట్‌పుట్‌లోనే ఇంకో విలువైన ఆధారం దొరుకుతుంది: ఫాంటు పేర్లు. వర్డ్ ఫైలు తనలో వాడిన ఫాంట్ల పట్టికను దాచుకుంటుంది, వర్డ్ 97 నుంచి ఆ పేర్లు రెండు బైట్ల పద్ధతిలో ఉంటాయి. అక్కడ గౌతమి, వాణి, నిర్మల యూఐ లాంటి పేర్లు కనిపిస్తే లోపల యూనికోడ్ తెలుగు ఉండే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే అవి విండోస్‌తో వచ్చిన యూనికోడ్ ఫాంట్లు. గౌతమి ఎక్స్‌పీతో వచ్చింది, వాణి విండోస్ 7తో, నిర్మల విండోస్ 8తో. అవేమీ లేకుండా అను ఫాంట్ల పేర్లో, మరో డీటీపీ ఫాంటు పేరో కనిపిస్తే దారి పూర్తిగా వేరు. మీ నాన్నగారు డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించారని రాశారు కాబట్టి ఈ రెండో దారే మీది కావచ్చని నా అంచనా. అయినా రెండూ చెబుతాను.

యూనికోడ్ తెలుగు అయితే. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. పాత వర్డ్ ఫైలులో తెలుగు అక్షరం ప్రతిదీ రెండు బైట్లు, రెండో బైటు ఎప్పుడూ 0సీ. ఉదాహరణకు 'అ' అంటే 05 0సీ. ఈ 0సీ ముద్రణకు వచ్చే అక్షరం కాదు, ఆస్కీలో అది ఫారం ఫీడ్ అనే నియంత్రణ గుర్తు. అందువల్ల మామూలు స్ట్రింగ్స్ ప్రతి అక్షరం దగ్గరా ఆగిపోతుంది. పోనీ పైన చెప్పిన -ఈ ఎల్ పెడితే? అప్పుడూ రాదు. ఆ ఆప్షన్ రెండేసి బైట్లుగా చదువుతుంది గానీ, 255 లోపు విలువ ఉన్న అక్షరాలనే ఒప్పుకుంటుంది. తెలుగు అక్షరాల విలువలు 3072 నుంచి మొదలవుతాయి. చాలామంది ఇక్కడే -ఈ ఎల్ కూడా పెట్టి చూశాం, లేదు, ఫైలు ఖాళీ అని వదిలేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే కథంతా అక్కడే ఉంటుంది.

ఈ పనికి స్ట్రింగ్స్‌ని పక్కనపెట్టి ఐకాన్వ్‌ని పిలవాలి:

ఐకాన్వ్ -సీ -ఎఫ్ యూటీఎఫ్-16ఎల్ఈ -టీ యూటీఎఫ్-8 పాతఫైల్ > కొత్తఫైల్

ఇది ఫైలు మొత్తాన్ని రెండు బైట్ల అక్షరాలుగా చదివి యూటీఎఫ్-8లోకి మారుస్తుంది, -సీ వల్ల మార్చలేని వాటిని వదిలేసి ముందుకు పోతుంది. కొత్తఫైల్‌లో చైనా లిపి అక్షరాల్లాంటివి కుప్పలుగా కనిపిస్తాయి. కంగారు పడొద్దు, అవి ఫైలులోని ఇతర డేటా. వాటి మధ్య తెలుగు పేరాలు శుభ్రంగా ఉంటాయి. వాటిని ఏరడానికి గ్రెప్ వాడండి. గ్రెప్‌కి చిన్న ఏ, క్యాపిటల్ పీ ఆప్షన్లు రెండూ ఇచ్చి, వెతికే నమూనాగా బ్యాక్‌స్లాష్, చిన్న పీ, మీసాల బ్రాకెట్లలో తెలుగు అన్న మాట (ఇంగ్లీషులో, మొదటి అక్షరం క్యాపిటల్), దాని పక్కన మళ్లీ మీసాల బ్రాకెట్లలో 4 పెట్టండి. తెలుగు లిపి సంకేతాలు వరసగా నాలుగు ఉన్న లైన్లనే చూపించమని దాని భావం. అంతకుముందు టీఆర్ కమాండ్‌తో బ్యాక్‌స్లాష్ ఆర్‌ను బ్యాక్‌స్లాష్ ఎన్‌గా మార్చడం మరవొద్దు. వర్డ్ ప్రతి పేరా చివర 13వ నంబరు గుర్తు పెడుతుంది, లైనక్స్ 10వ నంబరు గుర్తును లైను ముగింపు అనుకుంటుంది. మార్చకపోతే కథంతా ఒకే లైనుగా వచ్చి తల తిరుగుతుంది.

మాటలు మాత్రమే తుంచి ఇచ్చే చిన్న ఓ ఆప్షన్ ఇక్కడ వాడకండి. స్టేషన్‌లో, ఫోన్‌కి లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటుంటుంది. అది తెలుగు పట్టికలోది కాదు, యూనికోడ్‌లో వేరే చోట ఉంటుంది. మాటలు తుంచితే అక్కడ విరిగిపోతాయి, విరామచిహ్నాలూ పోతాయి. లైను మొత్తం తీసుకుని తర్వాత చేత్తో శుభ్రం చేసుకోవడమే మేలు.

తెలుగు ముక్క ఒకటి కూడా రాకపోతే ఇంకో ప్రయత్నం: మొదటి బైటును వదిలేసి రెండో బైటు నుంచి చదివించండి. టెయిల్ కమాండ్‌కి -సీ +2 అని ఇచ్చి దాని అవుట్‌పుట్‌ను ఐకాన్వ్‌కి పంపితే సరి. జతలు ఒక బైటు పక్కకు జరిగి ఉంటే మొత్తం తప్పుగా చదవబడుతుంది. మామూలు డాక్ ఫైలులో ఇలా ఉండదు గానీ, పాడైన డిస్కు నుంచి రాబట్టిన ముక్కల్లో ఉంటుంది.

ఫైలు టెక్స్ట్‌దో, వెబ్ పేజీదో, కొత్త రకం డేటాబేసుదో అయితే తెలుగు యూటీఎఫ్-8లో ఉంటుంది. అప్పుడు పని తేలిక. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు: మొదటిది ఈ0, రెండోది బీ0 లేదా బీ1, మూడోది 80 నుంచి బీఎఫ్ మధ్య ఏదైనా. ఇవన్నీ 127 దాటినవి, అందుకే మామూలు స్ట్రింగ్స్ వీటిని చెత్త కింద దాటేస్తుంది. -ఈ పక్కన క్యాపిటల్ ఎస్ పెడితే 127 దాటిన బైట్లన్నిటినీ ఒప్పుకుంటుంది, తెలుగు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది:

స్ట్రింగ్స్ -ఈ ఎస్ -ఎన్ 12 పాతఫైల్ > బయట

12 ఎందుకంటే అమ్మ అనే చిన్న మాటకే నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. కానీ ఈ ఆప్షన్‌తో చెత్త విపరీతంగా పెరుగుతుంది. యాదృచ్ఛిక డేటా అయితే 12 పొడవు పెట్టినా మెగాబైటుకు 26 వేల లైన్లు దాటుతాయి. కాబట్టి దీని తర్వాత ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే -సీ పెట్టి ఒకసారి వడకట్టి, పైన చెప్పిన తెలుగు గ్రెప్ నడపాలి. తెలుగు సంకేతం ఒకటి అనుకోకుండా ఏర్పడే అవకాశం 1,31,072లో ఒకటి. అంటే మెగాబైటుకు ఎనిమిది దొంగ అక్షరాలు రావొచ్చు, వరసగా నాలుగు మాత్రం రావు. ఆ నాలుగు అనే షరతు చాలా శక్తిమంతమైన జల్లెడ. 2022లో విడుదలైన బైన్‌యుటిల్స్ (స్ట్రింగ్స్ ఉండే ప్యాకేజీ) 2.38 నుంచి స్ట్రింగ్స్‌కే యూనికోడ్ అనే ఆప్షన్ వచ్చింది, దానికి లోకేల్ అని విలువ ఇస్తే సరైన యూటీఎఫ్-8 వరసల్ని అక్షరాలుగానే చూపిస్తుంది. మీ దగ్గర కొత్త వెర్షన్ ఉంటే అది వాడండి.

ఇక డీటీపీ ఫాంట్ల దారి. అను లాంటి ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలులో తెలుగు అక్షరాలే ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలుంటాయి, ఫాంటు మాత్రం ఆ సంఖ్యల చోట తలకట్టు, గుడి, వత్తు లాంటి ముక్కల బొమ్మల్ని చూపిస్తుంది. ఫాంటు లేకపోతే కనిపించేది అడ్డదిడ్డమైన రోమన్ అక్షరాల వరస. అంటే, మీకు వచ్చిన వేల లైన్ల చెత్తలో కొంత చెత్త కాదు, అదే మీ నాన్నగారి కథ కావచ్చు.

తేడా ఎలా పట్టాలి? నిజమైన చెత్తలో ఏ వరసా తిరిగి రాదు. భాష ఉన్నచోట కొన్ని చిన్న వరసలు పదే పదే వస్తాయి, మధ్యమధ్య ఖాళీలు మాటల పొడవుకు తగ్గట్టు పడతాయి, వాక్యం చివర చుక్క ఉంటుంది. అలాంటి పొడుగాటి పేరాల్లాంటివి ఫైలులో ఒకే ప్రాంతంలో గుంపుగా ఉన్నాయా చూడండి. దీనికి -టీ డీ ఆప్షన్ బాగా ఉపయోగపడుతుంది. ప్రతి లైను ముందు అది ఫైలులో ఎన్నో బైటు దగ్గర మొదలైందో చూపిస్తుంది (ఇక్కడ కూడా ఎస్ క్యాపిటలే):

స్ట్రింగ్స్ -ఈ ఎస్ -ఎన్ 20 -టీ డీ పాతఫైల్ | లెస్

సంఖ్యలు ఒకదాని వెంట ఒకటి దగ్గరదగ్గరగా పెరుగుతూ, లైన్లు పొడుగ్గా ఉంటే ఆ ప్రాంతమే మీకు కావాల్సింది. వర్డ్‌లో ఫాస్ట్ సేవ్ పెట్టుకున్న రోజుల్లో దాచిన ఫైలైతే పేరాల వరస తారుమారుగా ఉండొచ్చు. రచయిత కొట్టేసిన వాక్యాలు కూడా లోపలే మిగిలి ఉండొచ్చు. కథ అచ్చయిన ప్రతి ఉంటే దానితో పోల్చి వరస సరిచూసుకోండి.

ఇలా దొరికిన పాఠాన్ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఏ ఫాంటు కుటుంబమో తెలిస్తేనే సరైన పట్టిక ఎంచుకోగలరు, అందుకే ఫాంటు పేర్లు ముందు చూడమన్నాను. ఒక జాగ్రత్త తప్పనిసరి: టెర్మినల్ తెర మీద నుంచి కాపీ చేసి కన్వర్టర్‌లో అతికించకండి. 127 దాటిన బైట్లను తెర సరిగా చూపించలేక వాటి బదులు ప్రశ్నార్థకాలో, నల్లటి డైమండ్లో పెడుతుంది. మీ వత్తులు, గుణింతాలు ఆ బైట్లలోనే ఉంటాయి. అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించి, ఐకాన్వ్‌తో సీపీ1252 (విండోస్ వాడే పాత పాశ్చాత్య అక్షరాల పట్టిక) నుంచి యూటీఎఫ్-8లోకి మార్చి, ఆ ఫైలును కన్వర్టర్‌కి ఇవ్వండి. సీపీ1252లో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే ఐదు హెక్స్ స్థానాలు ఖాళీ. ఐకాన్వ్ వాటి దగ్గర ఆగి తప్పు చూపిస్తే, కోపంతో -సీ పెట్టేసి దాటించకండి. ముందు ఆ బైట్లు ఫాంటులో దేనికి వాడారో చూడాలి, లేకపోతే ఒక అక్షరం కథ పొడవునా మాయమవుతుంది.

ఇంత శ్రమకు ముందు ఒక్క ప్రయత్నం మాత్రం చేయండి. కాపీ పేరు చివర డాక్ అనో, పేజ్‌మేకర్ ఫైలైతే పీఎండీ అనో తగిలించి లిబ్రే ఆఫీసులో తెరవండి. లిబ్రే ఆఫీసు 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా తెరుస్తోంది. ఫైలు నిజంగా పాడవకపోతే సగం పని అక్కడే అయిపోతుంది, వరస కూడా సరిగ్గా వస్తుంది.

జిప్ సంగతి చెబుతానన్నాను. డాక్స్ ఫైలు మీద స్ట్రింగ్స్ నడిపితే లోపలి ఫైళ్ల పేర్లు తప్ప పాఠం ఒక్క మాట రాదు, ఎందుకంటే పాఠం కుదించి ఉంటుంది. కుదించిన డేటా బయటికి యాదృచ్ఛిక డేటాలాగే కనిపిస్తుంది. అన్‌జిప్ చేసి వర్డ్ ఫోల్డర్‌లోని డాక్యుమెంట్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరిస్తే తెలుగు యూటీఎఫ్-8లో హాయిగా కనిపిస్తుంది. పీడీఎఫ్‌లోనూ పాఠం చాలావరకు కుదించే ఉంటుంది, దానికి పీడీఎఫ్‌టుటెక్స్ట్ వాడాలి. ఆండ్రాయిడ్ యాప్ ఫైలు (ఏపీకే) కూడా జిప్పే, విప్పాకే స్ట్రింగ్స్‌కి పని.

ప్రమాదం గురించి. స్ట్రింగ్స్ ఫైలును నడపదు, చదువుతుంది మాత్రమే. అయితే 2014లో మిహావ్ జలెఫ్‌స్కీ అనే భద్రతా పరిశోధకుడు ఒక ముఖ్యమైన లోపం బయటపెట్టారు. అప్పట్లో స్ట్రింగ్స్ ఎక్జిక్యూటబుల్ (నడిపే ప్రోగ్రాము) ఫైళ్ల నిర్మాణాన్ని అర్థం చేసుకుని కొన్ని భాగాలనే చూసేది. అలా అర్థం చేసుకునే లైబ్రరీలోనే లోపం ఉంది, కావాలని తయారుచేసిన ఫైలుతో దాన్ని దెబ్బతీయొచ్చని ఆయన చూపించారు. ఆ తర్వాత లోపం సరిచేశారు, నిర్మాణం జోలికి పోకుండా ఫైలంతా చూడటమే మామూలు పద్ధతి అయింది. మీ సిస్టమ్ పాతదైతే చిన్న ఏ ఆప్షన్ పెట్టి నడపండి, అదే రక్షణ.

మీ స్నేహితుడు ఆఫీసులో వైరస్ ఫైళ్లను ఇలాగే చూస్తాడని రాశారు, నిజమే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వచ్చినప్పుడు దాన్ని ఆపిన డొమైన్ పేరు (వెబ్ చిరునామా) ఆ ప్రోగ్రాములో దాపరికం లేకుండా మామూలు అక్షరాల్లోనే ఉంది. మార్కస్ హచిన్స్ అనే భద్రతా పరిశోధకుడు ఆ డొమైన్‌ను రిజిస్టర్ చేయడంతో వ్యాప్తి ఆగింది. కానీ కనిపించిన మాటకు అర్థం చెప్పడం వేరే పని. స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము డ్రైవర్‌లో మిర్టస్, గువావా అనే పేర్లున్న ఒక ఫోల్డర్ దారి దొరికింది. మిర్టస్‌ను బైబిల్లోని ఎస్తేరు కథతో ముడిపెట్టినవాళ్లున్నారు, అది మై ఆర్టీయూస్ అని, పారిశ్రామిక యంత్రాలకు సంబంధించిన పొడి అక్షరాలని చదివినవాళ్లున్నారు. ఫైలులో ఉన్నది ఆ దారి మాత్రమే, మిగతాది చదివినవాళ్ల ఊహ. మీ పనిలోనూ ఇది వర్తిస్తుంది. ఫైలులో రచయిత పేరు అని ఇంకొకరి పేరు కనిపిస్తే అది డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్‌కు పెట్టుకున్న పేరు కావచ్చు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఫైల్ కమాండ్ ఏం చెప్పిందో, ఎక్స్‌ఎక్స్‌డీ చూపించిన మొదటి లైను ఏమిటో, -ఈ ఎల్ అవుట్‌పుట్‌లో ఏ ఫాంటు పేర్లు, ఏ అరల పేర్లు కనిపించాయో రాయండి. అవుట్‌పుట్ మొత్తం ఇక్కడ పెట్టకండి, అందులో చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉండొచ్చు. డీటీపీ ఫాంటే అని తేలితే రోమన్ అక్షరాల వరస ఒక రెండు లైన్లు పెట్టండి చాలు, ఏ పట్టిక వాడాలో చూసి చెబుతాను.